అలర్ట్ ఎవరి పేరున వెళ్లాలి?

2012 ఆగస్టు 1 ఉదయం 8 గంటలు దాటగానే అమెరికాలోని షేర్ల వ్యాపార సంస్థ నైట్ క్యాపిటల్‌లో ఒక కంప్యూటర్ వ్యవస్థ తనంతట తాను ఈమెయిళ్లు పంపడం మొదలుపెట్టింది. 9:30కి మార్కెట్ తెరిచేలోగా అలాంటివి 97 వెళ్లాయి. ఏళ్ల కిందటే వాడకం మానేసిన 'పవర్ పెగ్' అనే పాత కోడ్ పేరు వాటిలో ఉంది. ఎనిమిది సర్వర్లలో ఏడింటికి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఎనిమిదోదాన్ని వదిలేశారు. ఆ మెయిళ్ల వెనక ఉన్న సంగతి అదే. మార్కెట్ తెరిచాక 45 నిమిషాల్లో ఆ పాత కోడ్ చేసిన నిర్వాకం వల్ల కంపెనీకి 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ తర్వాత ఇచ్చిన ఉత్తర్వులో ఒక సంగతి స్పష్టంగా ఉంది. ఆ మెయిళ్లను ఎవరూ అలర్టులుగా రూపొందించలేదు. అవి కొంతమంది ఉద్యోగులకు చేరేవి, వచ్చినప్పుడు తెరిచి చూసే అలవాటు మాత్రం అక్కడ లేదు.

గంటన్నర ముందే సమాచారం అందింది. కానీ ఫలానావారు చూడాలి అన్న మాట లేకుండా అందింది. సిస్టమ్ మానిటరింగ్ గురించి మన దగ్గర జరిగే చర్చల్లో ఎక్కువ భాగం ఏ టూల్ కొనాలి, డాష్‌బోర్డ్ ఎలా ఉండాలి అన్న దగ్గరే తిరుగుతుంది. రూటింగ్, అంటే ఏ అలర్ట్ ఎవరికి వెళ్లాలన్న సంగతి, చివరికి వస్తుంది. ప్రాజెక్టు ఆఖరి వారంలో ఎవరో ఒక జూనియర్ ఇంజినీర్ రూటింగ్ ఫైల్ నింపేస్తారు. నా దృష్టిలో మొత్తం వ్యవస్థలో అత్యంత బాధ్యతగా రాయాల్సిన ఫైల్ అదే. ఏ తప్పు జరిగితే ఎవరు లేవాలి, ఎంతసేపట్లో లేవాలి, వాళ్లు పలక్కపోతే తర్వాత ఎవరు అన్న నిర్ణయాలు అందులో ఉంటాయి. అవి మనుషుల మధ్య ఒప్పందాలు. యంత్రం వాటిని అమలు చేస్తుంది, అంతే.

ఈ సమస్య సాఫ్ట్‌వేర్ రంగంలో పుట్టలేదు. 1979 మార్చి 28న పెన్సిల్వేనియాలోని త్రీ మైల్ ఐలాండ్ అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం మొదలైన కొద్ది నిమిషాల్లోనే 100కి పైగా అలారాలు మోగాయి. ముఖ్యం కానివాటిని ఆపి, ముఖ్యమైనవాటిని ముందుకు తెచ్చే ఏర్పాటు ఆ కంట్రోల్ రూమ్‌లో లేదని విచారణ జరిపిన కెమెనీ కమిషన్ తప్పుపట్టింది. 1994 జులై 24న వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్‌లో టెక్సాకో రిఫైనరీ పేలిపోయింది. పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందుకు 275 అలారాలు వచ్చిపడ్డాయి. సగటున రెండున్నర సెకన్లకు ఒకటి. అంత వేగంగా ఏ మనిషీ చదవలేడు, ఇక ఆలోచించడం మాట అటుంచండి. ఇలాంటి అనుభవాల నుంచే బ్రిటన్‌లో 1999లో ఈమువా 191 అనే మార్గదర్శక పత్రం వచ్చింది. మామూలు పరిస్థితుల్లో ఒక ఆపరేటర్‌కి పది నిమిషాలకు ఒక అలారం మించకూడదని అది ఒక కొలత ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ వాళ్లం 'అలర్ట్ ఫెటీగ్' అని ఈమధ్య కనుక్కున్నట్టు మాట్లాడుతున్నదానికి కెమికల్ ఇంజినీర్లు పాతికేళ్ల కిందటే లెక్క కట్టి పెట్టారు.

ఆస్పత్రుల అనుభవం ఇంకా బాధాకరం. ఆస్పత్రులకు గుర్తింపు ఇచ్చే అమెరికా సంస్థ జాయింట్ కమిషన్ 2013 ఏప్రిల్‌లో ఒక హెచ్చరిక జారీ చేసింది. 2009 జనవరి నుంచి 2012 జూన్ దాకా అలారాలకు సంబంధించి తమ దృష్టికి వచ్చిన 98 ఘటనల్లో 80 మంది చనిపోయారని అందులో చెప్పింది. మంచం పక్కన మోగే అలారాల్లో అత్యధిక భాగం నర్సు వచ్చి చేయాల్సిన పనేమీ లేనివే. రోజంతా వాటి మధ్య పనిచేసేవారికి చెవి అలవాటు పడుతుంది, లేదా ఎవరో సౌండ్ తగ్గించేస్తారు. ఆ నర్సుల్ని నిందించడం సులువు. పనికిరాని అలారాన్ని పెట్టినవారిదే తొలి తప్పు.

ఇక మన రంగం. ఈథన్ గాల్‌స్టాడ్ 1999లో నెట్‌సెయింట్ పేరుతో విడుదల చేసి తర్వాత నాగియోస్‌గా మార్చిన సాఫ్ట్‌వేర్ ఒక తరం సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లకు అలర్టుల పాఠశాల. కాంటాక్ట్ గ్రూపులు, ఏ వేళల్లో ఎవరికి పంపాలో చెప్పే టైమ్ పీరియడ్లు, స్పందన లేకపోతే పైవారికి వెళ్లే ఎస్కలేషన్, పదేపదే పడిలేచే సర్వీసును గుర్తించి మెసేజ్‌లు ఆపే ఏర్పాటు, రూటర్ పడిపోతే దాని వెనక ఉన్న యంత్రాల గురించి విడిగా మొత్తుకోకుండా ఉండే పేరెంట్ సంబంధం, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఇప్పుడు కొత్తవిగా అమ్ముతున్న చాలా ఆలోచనలకు మూలం అక్కడ ఉంది. నాగియోస్ బలహీనత వేరే చోట. అది యంత్రాల జాబితా మీద నడుస్తుంది. గంటకోసారి సర్వర్లు పుట్టి పోయే క్లౌడ్ కాలంలో ఆ జాబితా నిలవలేదు.

ఆ ఖాళీలోకి ప్రొమీథియస్ వచ్చింది. 2012లో సౌండ్‌క్లౌడ్‌లో మొదలై, 2016లో కుబర్నెటీస్ తర్వాత క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్‌లో చేరిన రెండో ప్రాజెక్టు అయింది. ప్రొమీథియస్ కొలుస్తుంది, షరతు దాటితే అలర్ట్ పుట్టిస్తుంది. దాన్ని ఎవరికి ఎలా చేర్చాలో చూసే పని అలర్ట్‌మేనేజర్ అనే విడి ప్రోగ్రామ్‌ది. ఈ విభజన ఎంత మంచిదో కొంతకాలం వాడితే గాని తెలియదు. కొలతను మార్చేవారు, బాధ్యతను మార్చేవారు ఒకరి ఫైల్ ఒకరు కదపక్కర్లేదు.

అలర్ట్‌మేనేజర్ లోపల ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే పొరపాట్లన్నీ ఇక్కడే దొర్లుతాయి. రాత్రి 2:10కి ఒక పేమెంట్స్ సంస్థలో ప్రధాన డేటాబేస్ పడిపోయిందనుకుందాం. దాని మీద ఆధారపడిన 60 సర్వీసులు వరసగా తప్పులివ్వడం మొదలుపెడతాయి. ప్రతి అలర్టుకూ కొన్ని లేబుళ్లు ఉంటాయి: ఏ టీమ్, ఏ క్లస్టర్, ఎంత తీవ్రత. రూటింగ్ ఒక చెట్టు ఆకారంలో ఉంటుంది. అలర్ట్ పైనుంచి కిందికి దిగుతూ, తనకు సరిపడే మొదటి కొమ్మ దగ్గర ఆగిపోతుంది. కింది కొమ్మలు కూడా చూడాలంటే 'కంటిన్యూ' అని విడిగా రాయాలి, డిఫాల్ట్‌గా అది ఉండదు. ఏ కొమ్మా సరిపోకపోతే చెట్టు మొదట్లో ఉన్న డిఫాల్ట్ రిసీవర్‌కి పోతుంది. టీమ్ పేరులో ఒక అక్షరం తప్పు పడినా, నిరుడు రద్దయిన టీమ్ పేరు లేబుల్‌లో మిగిలిపోయినా అలర్ట్ అక్కడికే చేరుతుంది. చాలాచోట్ల ఆ డిఫాల్ట్ రిసీవర్ ఎవరూ తెరవని చాట్ ఛానెల్. దిక్కులేని అలర్టులు చేరే చోటుకే అందరికన్నా బాధ్యతగల మనిషిని పెట్టాలి. రూటింగ్ ఫైల్ రివ్యూకి వస్తే నేను ముందు చూసేది ఆ వరసనే.

60 అలర్టులకు 60 ఫోన్లు రాకుండా కాపాడేది గ్రూపింగ్. క్లస్టర్ వారీగా గుంపు కడితే మొదటి అలర్ట్ వచ్చాక 30 సెకన్లు ఆగి, ఆలోగా వచ్చినవన్నీ కలిపి ఒకే మెసేజ్ పంపుతుంది. ఆ గుంపులోకి కొత్తవి వస్తే 5 నిమిషాల తర్వాత మళ్లీ చెబుతుంది. ఏమీ మారకపోతే 4 గంటలకోసారి గుర్తుచేస్తుంది. ఇవి డిఫాల్ట్ అంకెలు. ఎవరైనా గుంపు కట్టే లేబుళ్లలో సర్వర్ పేరు కూడా చేర్చారంటే ప్రతి సర్వర్ ఒక గుంపు అయిపోయి, ఫోన్ 60 సార్లూ మోగుతుంది. ఆ ఒక్క పదం తీసేస్తే సగం గోల పోయే చోట్లు చాలా ఉన్నాయి.

తర్వాతిది ఇన్హిబిషన్. 'డేటాబేస్ పడిపోయింది' అన్న అలర్ట్ ఉన్నంతసేపు అదే క్లస్టర్‌లోని చిన్న అలర్టులు బయటికి రాకుండా ఆపే నియమం. చాలా పదునైన పనిముట్టు. ఇందులో ఒక ప్రమాదం ఉంది. రెండు అలర్టుల్లో క్లస్టర్ లేబుల్ సమానంగా ఉంటేనే ఆపమని రాస్తాం. కానీ లేబుల్ లేకపోవడాన్నీ, ఖాళీగా ఉండటాన్నీ అలర్ట్‌మేనేజర్ ఒకటిగానే లెక్కిస్తుంది. రెండిట్లోనూ ఆ లేబుల్ అసలు లేకపోతే అవి సమానమైనట్టే, నియమం వర్తించినట్టే. ఎక్కడో సంబంధం లేని అలర్ట్ నోరు మూతపడుతుంది. ఇది డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది, అయినా చదివినవారు తక్కువ. రూటింగ్ మార్పుల్ని ప్రొడక్షన్‌కి పంపే ముందు ఆమ్‌టూల్ అనే కమాండ్‌తో పరీక్షించవచ్చు: ఈ లేబుళ్లున్న అలర్ట్ ఏ రిసీవర్‌కి వెళుతుంది అని అడిగితే చెబుతుంది. కోడ్‌కి టెస్టులు రాసే టీమ్‌లు దీనికెందుకు రాయరో నాకు అర్థం కాదు.

అలర్ట్‌మేనేజర్‌కి తెలియని ముఖ్య విషయం ఒకటుంది. మెసేజ్ చూశాను, నేను చూసుకుంటున్నాను అని ఒక మనిషి ఒప్పుకోవడం అనే భావనే దానిలో లేదు. ఈ వారం డ్యూటీ ఎవరిదో కూడా దానికి తెలియదు. ఆ పని 2009లో మొదలైన పేజర్‌డ్యూటీ లాంటి సేవలది. మొదటి మనిషి 5 నిమిషాల్లో అక్నాలెడ్జ్ చేయకపోతే రెండో మనిషికి, ఆపైన మేనేజర్‌కి ఫోన్ వెళ్లేలా అవి చూస్తాయి. ఖర్చు దండగని చిన్న సంస్థలు ఈ మెట్టు వదిలేసి వాట్సాప్ గ్రూపుతోనో టెలిగ్రామ్ బాట్‌తోనో సరిపెడుతుంటాయి. గ్రూపులో ఇరవైమంది ఉంటే ఇరవైమందీ ఇంకెవరో చూస్తున్నారులే అనుకుంటారు. అది నైట్ క్యాపిటల్ మెయిల్ జాబితా కన్నా మెరుగేమీ కాదు. ఇక సేవ మీదే పూర్తిగా ఆధారపడటం కూడా తెలివి కాదు. 2018లో ఆప్స్‌జీనీ అనే అలాంటి సేవను కొన్న అట్లాసియన్ 2025 జూన్‌లో కొత్త అమ్మకాలు ఆపి, 2027 ఏప్రిల్‌తో దాన్ని మూసేస్తానని ప్రకటించింది. డ్యూటీ జాబితా, ఎస్కలేషన్ వరస ఆ సేవ స్క్రీన్ల మీద మాత్రమే ఉన్న సంస్థలు ఇప్పుడు ఒక్కొక్కటీ తిరిగి రాసుకోవాల్సిందే.

దేనికి అలర్ట్ పెట్టాలన్న ప్రశ్న మీద ఈ రంగంలో పెద్ద చర్చే జరిగింది. గూగుల్‌లో పనిచేసిన రాబ్ ఎవాషుక్ రాసిన పత్రం, దాని ఆధారంగా 2016లో వచ్చిన సైట్ రిలయబిలిటీ ఇంజినీరింగ్ పుస్తకంలోని అధ్యాయం ఆ చర్చను మలుపు తిప్పాయి. వాడుకరికి కనిపించే లక్షణం మీద మనిషిని లేపండి, లోపలి కారణం మీద కాదు అన్నది ఆ వాదం. సీపీయూ 90 శాతం దాటితే ఏమైంది, పేజీలు వేగంగా వస్తున్నాయిగా? నిజమే. అయితే దీన్ని మంత్రంలా పట్టుకున్నవారు డిస్క్ నిండిపోతున్న సంగతిని కూడా పట్టించుకోవడం మానేశారు. రేపు సాయంత్రానికి నిండే డిస్క్ ఇవాళ ఏ వాడుకరికీ కనపడదు. అది రాత్రి లేపాల్సిన పని కాదు, పొద్దున టికెట్‌గా ఎవరి చేతికైనా ఇవ్వాల్సిన పని.

2018లో వచ్చిన ఆ పుస్తకపు వర్క్‌బుక్ మరో అడుగు వేసింది. 99.9 శాతం హామీ అంటే 30 రోజుల్లో 43.2 నిమిషాలు చెడిపోవడానికి అనుమతి ఉన్నట్టు. ఆ అనుమతి ఎంత వేగంగా కరిగిపోతోందో చూసి అలర్ట్ చేయమంటుంది. గంటలో 2 శాతం కరిగితే, అంటే మామూలు కన్నా 14.4 రెట్ల వేగమైతే, వెంటనే లేపాలి. 6 గంటల్లో 5 శాతమైతే అప్పుడూ లేపాలి. 3 రోజుల్లో 10 శాతమైతే టికెట్ చాలు. తప్పు సర్దుకున్నాక అలర్ట్ త్వరగా ఆగేందుకు ప్రతిదానికీ పన్నెండో వంతు చిన్న కిటికీ ఒకటి జతచేస్తారు. నాకు తెలిసినంతలో త్రెషోల్డులు పెట్టడానికి ఇంతకన్నా నిజాయితీగల పద్ధతి లేదు. కానీ ఇది రద్దీ ఎక్కువున్న సర్వీసులకే. గంటకు పది రిక్వెస్టులొచ్చే సర్వీసులో ఒక్కటి విఫలమైతే 10 శాతం తప్పు, అంటే 99.9 శాతం హామీ అనుమతించే తప్పుకు 100 రెట్లు. అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది, చూస్తే ఒకే ఒక్క విఫలమైన రిక్వెస్ట్. మన జిల్లా స్థాయి సేవలు, చిన్న సంస్థల అంతర్గత పోర్టళ్లు ఇలాంటివే. వాటికి ఈ సూత్రాన్ని యథాతథంగా ఎత్తి పెట్టడం తప్పు. కొన్ని సర్వీసుల్ని కలిపి లెక్కించడమో, కృత్రిమ రిక్వెస్టులు పంపి చూడటమో మేలు.

తీవ్రత స్థాయిల సంగతికి వస్తే, తుపాను వేళ విశాఖ, మచిలీపట్నం రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల నంబర్లు మనకు పత్రికల ద్వారా బాగా తెలుసు. వాటిలో ఏ నంబరుకు ఆ నంబరు అర్థం ఖాయం. ఒకటో నంబరు ఎక్కితే దూరాన సముద్రంలో వాతావరణం చెడుతోందని రేవులోని నావికుడికి తెలుస్తుంది, పదో నంబరు అంటే తీవ్ర తుపాను రేవు మీదుగానో దగ్గరగానో దాటబోతోందని తెలుస్తుంది. ఏం చేయాలో వేరే అడగక్కర్లేదు. మన కంపెనీల్లో పీ1 నుంచి పీ5 దాకా స్థాయిలుంటాయి, పీ3కి పీ4కి చేసే పనిలో తేడా ఏమిటంటే ఎవరూ చెప్పలేరు. పనిలో తేడా లేనప్పుడు స్థాయిలో తేడా ఎందుకు? మనిషిని లేపేది, పగటి పూట టికెట్‌గా చూసేది, రికార్డులో పడి ఉండేది, ఈ మూడూ చాలు. రేవు సూచికల్లో పదకొండోది కూడా ఉంది. తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అది చెబుతుంది. కబురు రాకపోవడాన్ని కూడా ప్రమాదంగా లెక్కించిన ఆ ఆలోచన ఎంత ముందుచూపుతో కూడినదో కింది రెండు ఉదంతాలు చూస్తే తెలుస్తుంది.

2003 ఆగస్టు 14 మధ్యాహ్నం 2:14కి ఒహాయోలోని ఫస్ట్ ఎనర్జీ విద్యుత్ సంస్థ కంట్రోల్ రూమ్‌లో అలారాల సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. ఆగిపోయిందని చెప్పే అలారం లేదు. స్క్రీన్ ప్రశాంతంగా ఉంది కాబట్టి గ్రిడ్ కూడా ప్రశాంతంగా ఉందని ఆపరేటర్లు నమ్మారు. 3 గంటలు దాటాక పెద్ద లైన్లు ఒకదాని వెనక ఒకటి తెగిపోయాయి. 4 గంటలు దాటేసరికి అమెరికా ఈశాన్య, మధ్యపశ్చిమ రాష్ట్రాల్లో, కెనడాలోని ఒంటారియోలో దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ పొరపాటున ప్రధాన డేటాబేస్ ఫోల్డర్ తొలగించాక రోజువారీ బ్యాకప్‌ల కోసం వెతికితే అవి లేవు. బ్యాకప్ చేసే ప్రోగ్రామ్ వెర్షన్ డేటాబేస్ వెర్షన్‌తో సరిపడక ఎప్పటినుంచో విఫలమవుతోంది. ఆ సంగతి చెప్పే ఈమెయిళ్లు వెళ్లాయి కూడా. అవి పంపినవారిని ధ్రువీకరించే డీమార్క్ అమరిక లేని మెయిళ్లు కావడంతో అవతలి మెయిల్ సర్వర్ తిరస్కరించింది. ఆ సంస్థ దాచకుండా అన్నీ బయటపెట్టింది కనుక ఇవాళ మనం నేర్చుకోగలుగుతున్నాం.

దీనికి మందు తేలికైనదే. ఎప్పుడూ మోగుతూ ఉండే ఒక అలర్టును పెట్టి, దాన్ని బయట ఉన్న మరో సేవకు పంపుతూ ఉండాలి. ఆ చప్పుడు ఆగిన క్షణాన బయటి సేవ మనిషికి ఫోన్ చేయాలి. కుబర్నెటీస్ కోసం సిద్ధం చేసిన ప్రొమీథియస్ ఏర్పాటులో వాచ్‌డాగ్ పేరుతో ఈ అలర్ట్ సిద్ధంగానే ఉంటుంది. చాలామంది అది నస అనుకుని సైలెన్స్ చేసేస్తారు. బయట అన్న మాట ముఖ్యం. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ నెట్‌వర్క్ ఆరు గంటల పాటు కూలినప్పుడు సమస్యను సరిచేయడానికి వాడే అంతర్గత టూల్స్ కూడా దాంతోపాటే పోయాయి. అలర్ట్ వెళ్లే దారి, అలర్ట్ ఎవరి గురించో వారి ఇంట్లోంచే వెళ్లకూడదు.

మన దేశంలో ఆ దారికి సొంత చిక్కులున్నాయి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం సంస్థలు పంపే ఎస్ఎంఎస్‌ల హెడర్లు, టెంప్లేట్లు టెలికాం సంస్థల దగ్గర ముందే నమోదై ఉండాలి. 2021 మార్చిలో ఈ తనిఖీ మొదలైనప్పుడు బ్యాంకుల ఓటీపీలే ఆగిపోయి, కొన్నాళ్లు వాయిదా వేయాల్సి వచ్చింది. అలర్ట్ పాఠం టెంప్లేట్‌కి సరిపోకపోతే మెసేజ్ దారిలోనే ఆగిపోతుంది. యాప్ నోటిఫికేషన్ నమ్ముకుందామంటే, చవక ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం వెనక నడిచే యాప్‌లను చంపేస్తాయి. పేజింగ్ సేవ అమెరికా నంబరు నుంచి ఫోన్ చేస్తే, స్పామ్ కాల్స్‌తో విసిగిన మనం కట్ చేస్తాం. అందుకే డ్యూటీలో చేరిన మొదటి రోజునే ఆ నంబర్లు కాంటాక్ట్స్‌లో పెట్టించి, డు నాట్ డిస్టర్బ్ దాటి మోగేలా చేసి, ఒక టెస్ట్ కాల్ చేసి చూడాలి.

కబురు ఒక ఊరి నుంచి మరో ఊరికి చేతులు మారే చోట ఇంకో లోయ ఉంది. 2013 నవంబర్ 30న అమెరికా రిటైల్ సంస్థ టార్గెట్‌లో చొరబడిన మాల్వేర్‌ను ఫైర్‌ఐ సాఫ్ట్‌వేర్ పట్టుకుంది. బెంగళూరులోని బృందం అలర్ట్ చూసి మినియాపొలిస్‌లోని కేంద్ర కార్యాలయానికి తెలియజేసిందని మరుసటి ఏడాది బ్లూమ్‌బర్గ్ బిజినెస్‌వీక్ రాసింది. అక్కడ చర్య మాత్రం జరగలేదు. 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. బెంగళూరు, హైదరాబాద్ బృందాలకు చూసే బాధ్యత ఇచ్చి, సర్వర్ ఆపే అధికారం ఇవ్వకపోవడం ఇవాళ్టికీ మామూలే. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను గమనించిన 6 గంటల్లో నివేదించాలి. అనుమతి కోసం అమెరికాలో తెల్లవారేదాకా ఆగితే ఆ గడువు దాటిపోతుంది.

ఆ డ్యూటీ చేసే మనుషుల గురించి గూగుల్ పుస్తకం కొన్ని హద్దులు చెప్పింది: 12 గంటల షిఫ్టులో రెండు ఘటనలకు మించకూడదు, ఒకే ఊళ్లో ఉన్న టీమ్‌లో కనీసం ఎనిమిదిమంది ఉండాలి, డ్యూటీకి సెలవు రూపంలోనో డబ్బు రూపంలోనో పరిహారం ఉండాలి. నలుగురున్న టీమ్‌లు మన దగ్గర కోకొల్లలు. వాళ్లకి ఎనిమిదిమందిని రేపే ఇవ్వమనడం జరిగే పని కాకపోవచ్చు. కానీ రాత్రి లేపే అలర్టులను సగానికి కోయడం అసాధ్యం కాదు. వారానికోసారి కూర్చుని, గత వారం ఫోన్ మోగిన ప్రతిసారీ లేచిన మనిషి ఏం చేశారో చూస్తే చాలు. లేచి చేసిందేమీ లేకపోతే అది టికెట్ కావాలి, లేదా పోవాలి. ఎన్నాళ్లుగానో పొడిగిస్తూ వస్తున్న సైలెన్స్‌లు కూడా అప్పుడే తేల్చాలి. ఆ నిర్ణయం మీటింగ్‌లో మేనేజర్ తీసుకోవడం నాకు సమ్మతం కాదు. రాత్రి 3 గంటలకు లేచినవారికే అలర్ట్ నియమాల ఫైల్ మార్చే అనుమతి ఉండాలి, మర్నాడు పొద్దున వాళ్లు పంపిన మార్పును ఆ రోజే రివ్యూ చేసి కలపాలి.